ఇంటిలోని నాటకశాల: చూడదగినవి, విడువదగినవి

గ్రంథములలో ఏది చదువదగినది, ఏది చదువరానిది యని విచారించుట పత్రికలకు పరిపాటి. రంగస్థలముపై ఆడు నాటకములను గూర్చియు, చలనచిత్రములను గూర్చియు విమర్శలు వెలువడుచునే యున్నవి. కాని గ్రంథము చదువనివారి యింటికిని, నాటకము చూడబోనివారి యింటికిని తానే నడచివచ్చి, ప్రతిదినము దీపములు పెట్టువేళ మొదలు పండుకొనువేళ వఱకు నట్టింట ఆడుచుండు నాటకమొకటి కలదు. దానిని గూర్చి మాత్రము మనము రెండు మాటలతో సరిపెట్టుకొనుచున్నాము. “అంతా చెత్త” యని చదువుకొన్నవారందురు. “ఏదో కాలక్షేపము” అని చూచువారందురు. ఈ రెండును విమర్శలు కావు. మొదటిది చూడకయే చెప్పిన తీర్పు. రెండవది చూచియు ఆలోచింపని సమాధానము. టెలివిజనులో వచ్చు తెలుగు ధారావాహికలలోను, తక్కిన వినోదములలోను కొన్నిటిని ఎన్నుకొని, అవి యేల చూడదగినవో, ఏల విడువదగినవో కారణములతో చెప్పుటయే యీ వ్యాసమునందు నా యుద్దేశము.

ఈ విచారణకు నన్ను పురికొల్పినది మా యింట జరిగిన యొక చిన్న సంగతి. 2019వ సంవత్సరమున దసరా సెలవులకు మా అన్నగారి కుమార్తె మా యింటికి వచ్చినది. పదునొకండేండ్ల పిల్ల, చామనచాయకంటె ఒక పాలు నలుపు, చదువులో చుఱుకైనది. మా తల్లిగారు మా యొద్దనే యుందురు. మోకాళ్ల నొప్పులచేత ఆమె వీధిగడప దాటుట మానుకొని చాలకాలమైనది. రాత్రి భోజనమునకు ముందు ఆమె తప్పక చూచు ధారావాహిక “కార్తీక దీపం”. నల్లనిదైనందునను, భర్త అనుమానించినందునను ఇల్లు విడిచి, వంట చేసికొని బ్రతుకుచు కూతును పెంచుకొను స్త్రీ కథ అది. ఆ రాత్రి పిల్ల నానమ్మ ప్రక్కన కూర్చుండి కొంతసేపు చూచి, “నానమ్మా, నేను కూడా నల్లగానే ఉన్నాను కదా. పెళ్ళయ్యాక మా ఆయన నన్ను కూడా ఇలాగే పంపించేస్తాడా?” అని అడిగినది. “పిచ్చిదానా, అది కథే” యని మా తల్లిగారు బదులు చెప్పిరి. “కథైతే మరి నువ్వెందుకు ఏడుస్తున్నావు?” అని పిల్ల మరల అడిగినది. ఆమె తెఱవైపు చూచి, పిల్లవైపు చూచి, మాటలాడలేకపోయిరి. ఆ ప్రశ్నకు సమాధానము నాకును వెంటనే తోపలేదు. అది మొదలు నేనును ఆమెతోపాటు కూర్చుండి చూడ నారంభించితిని.

విమర్శకు పూనుకొనుటకు ముందు ప్రేక్షకులకు న్యాయము చేయవలెను. ధారావాహికలను చూచు స్త్రీలను పరిహసించుట నేడు చదువుకొన్న పురుషులకొక వేడుక యైనది. కాని ఆ కుర్చీలో కూర్చుండువారెవరు? కొడుకు హైదరాబాదునను, కూతురు అమెరికాలోను ఉండగా పెద్ద యింట ఒంటిగా మిగిలిన ముసలితల్లి. పగలంతయు పొయ్యిముందు నిలిచి, ఆ అరగంట మాత్రమే తనదని యెంచుకొను ఇల్లాలు. ఆమెతో కూర్చుండి మాటలాడు తీఱిక మన కెవ్వరికిని లేదు. తెఱమీది మనుష్యులు మాత్రము వేళ తప్పక వచ్చుచున్నారు. అట్టివారినుండి ఆ పెట్టెను లాగికొనుట సంస్కరణము కాదు, క్రౌర్యము. మఱియు, స్త్రీల ధారావాహికలను చూచి నవ్వు పురుషులు రాత్రి తొమ్మిదింటికి చూచునదేమి? ఆఱుగురు మనుష్యులు ఒకేసారి కేకలు వేయు వార్తాచర్చ. అందును కథ ముందునకు సాగదు. అందును ఒకరి మాట ఒకరు వినరు. అందును రేపటి కలహమునకు నేడే బీజము వేయుదురు. కన్నీరు లేకపోవుట యొక్కటియే భేదము. కావున ఈ విచారణ స్త్రీల రుచిని గూర్చినది కాదు. మన యందఱి రుచిని గూర్చినది.

ఈ సాధనము మన దేశమున మొదట వినోదమునకై పుట్టినది కాదు. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగరూపమున ఆరంభమైనపుడును, 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు ఉపగ్రహము ద్వారమున ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ప్రసారములు చేసినపుడును దాని లక్ష్యము విద్య, వ్యవసాయము, ఆరోగ్యము. ఆ ఆఱు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1977లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. తరువాత 1995లో జెమిని, ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు ప్రసారములు మొదలైనవి. బడిగా మొదలైనది క్రమముగా అంగడి యైనది.

కాని బడిగా నున్న కాలమునందే మనము నేర్వవలసిన పాఠమొకటి దొరకినది. 1984 జూలై 7వ తేదీన దూరదర్శనమున “హమ్ లోగ్” అను హిందీ ధారావాహిక మొదలైనది. రచయిత మనోహర్ శ్యామ్ జోషీ. కుటుంబనియంత్రణమును, స్త్రీల గౌరవమును బోధింపవలెనని మెక్సికో దేశమున మిగుయెల్ సబీదో నడపిన ధారావాహికల మార్గమున దానిని నిర్మించిరి. 156 భాగములు నడచినది. ప్రతిభాగము చివరను ప్రసిద్ధనటుడు అశోక్ కుమార్ తెఱమీదికి వచ్చి, ఆనాటి కథలోని నీతిని చెప్పెడివాడు. ప్రేక్షకులు నాలుగు లక్షలకు పైగా ఉత్తరములు వ్రాసిరి. అందులో భాగవంతి యను తల్లి పాత్ర కలదు. భర్త తిట్టినను, అత్త దూషించినను పడియుండు స్త్రీ. స్త్రీ యిట్లుండరాదని చూపుటకే నిర్మాతలు ఆ పాత్రను కల్పించిరి. అయితే, పిదప ఆ ధారావాహికను గూర్చి పరిశోధించిన అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనువారు తెలిపినదేమనగా, ప్రేక్షకులలో పలువురు ఆమెను హెచ్చరికగా గాక ఆదర్శముగా గ్రహించిరట. అశోక్ కుమార్ ఎంత చెప్పినను వారి మనస్సు ఆమె సహనమునే పూజించినది.

చదువరులు ఈ సంగతిని మరువకుందురుగాక. కథకుని యుద్దేశము మంచిదైనంతమాత్రమున కథ మేలు చేయదు. బాధపడు స్త్రీని ఎంత జాలిగా చూపిన, ఆమె బాధయే అంత అందముగా కనబడును. అంత అందముగా కనబడినది అనుకరింపదగినదిగా తోచును. కావున ధారావాహికను పరీక్షించునపుడు “ఇది ఎవరి పక్షమున మాటలాడుచున్నది?” అని అడిగిన చాలదు. “ఇది చూచిన పిమ్మట చూచినవారు ఏమి చేయుదురు, ఏమి మాటలాడుదురు?” అని అడుగవలెను. ఈ గీటురాయి మీదనే రెండు ప్రసిద్ధ ధారావాహికలను గీసి చూతము.

మొదటిది “చిన్నారి పెళ్ళికూతురు”. 2008 జూలై 21వ తేదీన హిందీలో “బాలికా వధూ” అను పేర మొదలై, తెలుగులోనికి అనువదింపబడి మా టీవీలో ప్రసారమైనది. రాజస్థానములోని యొక గ్రామమున ఎనిమిదేండ్ల ఆనంది యను బాలికకు పెండ్లిచేసి అత్తవారింటికి పంపుట దీని కథారంభము. ఆ బాలిక చదువు, ఆటలు, భయములు ఇందు నెమ్మదిగా చూపబడినవి. ఇంటి పెత్తనము చేయు ముదుసలి కల్యాణీదేవి పాత్రను సురేఖా సిక్రీ ధరించినది. ఈ పాత్రపోషణ నేను టెలివిజనులో చూచిన యుత్తమ నటనలలో ఒకటి. ఆ ముసలమ్మ రాక్షసి కాదు. తాను బాల్యమున పొందిన బాధనే ధర్మమని నమ్మి, దానినే మనుమరాండ్రకు పంచిపెట్టు మనిషి. దురాచారము దుష్టులచేతనే గాక, ఇంటివారిని ప్రేమించు పెద్దలచేతనే నిలుచుచున్నదని ఇంత చక్కగా చూపిన ధారావాహికలు కొలదిగా నున్నవి. ఇంటి ఆడుబిడ్డ సుగుణ కాపురమునకు పోకముందే విధవయగుటయు, ఆమెకు మరల వివాహమగుటయు ఇందలి మఱియొక ఘట్టము. 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున జరపిన మొదటి వితంతువివాహమును స్మరించు కుటుంబములు ఈ ఘట్టమును చూచి, నూటముప్పది యేండ్లకు పిమ్మటను ఇది కథావస్తువుగా నుండుటకు సంతోషింపవలెనో దుఃఖింపవలెనో తేల్చుకొనవలసియున్నది.

ఈ ధారావాహిక మా యింట చేసిన మేలును చెప్పెదను. మా తల్లిగారి వివాహము 1958లో జరిగినది. అప్పటి కామెకు పదుమూడేండ్లు. బాలికలకు కనీసము పదునైదేండ్లు నిండవలెనని 1949లోనే చట్టము సవరింపబడియుండెను. కాని మా ఊరికి ఆ చట్టము చేరినట్లు లేదు. ఈ సంగతి మాకు తెలియును గాని, దానిని గూర్చి ఆమె యెన్నడును మాతో మాటలాడలేదు. తెఱమీద ఆనంది పలకను చేతినుండి లాగికొను ఘట్టమువంటిది ఏదో వచ్చిన రాత్రి, ఆమె తనంతట తానే చెప్ప మొదలిడిరి. ఎనిమిదవ తరగతి పుస్తకములను పెట్టెలో పెట్టుకొని అత్తవారింటికి వచ్చిరట. ఆరునెలల పిమ్మట ఆ పుస్తకముల కాగితములతో అటుకులు పొట్లములు కట్టుట చూచిరట. మా కోడలు పెద్దదైన పిదప, “దీని చదువు మధ్యలో ఆపితే నేనూరుకోను” అని ఆమె మా అన్నగారితో గట్టిగా పలికిరి. ఏబది యేండ్లు మూసియుంచిన నోరు ఒక ధారావాహిక వలన తెఱచుకొన్నది. ఇంతకంటె మేలైన ఫలమును నాటకమునుండి ఎవ్వరు కోరగలరు?

అయినను దోషములు చెప్పక తప్పదు. కథ తన పనిని ముగించిన తరువాతను అది ముగియలేదు. బాల్యవివాహమను ప్రశ్న వెనుకబడి, అపహరణములు, పగలు, రెండవ పెండ్లిండ్లు ముందునకు వచ్చినవి. 2016 జూలై వఱకు, రెండువేలకు పైగా భాగములు సాగినది. మొదటి భాగములను చూచినవారు కడపటి భాగములను చూడకున్న నష్టపడరు. ఇంకొక దోషము ధారావాహికది కాదు, మనది. రాజస్థానపు తలపాగలను, ఘాఘరాలను చూచి, ఇది యేదో దూరదేశపు దురాచారమని మనము నిట్టూర్చితిమి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణ లెక్కలు చూడుడు. ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు దేశమున నూటికి 23.3, తెలంగాణమున 23.5, రాజస్థానమున 25.4, ఆంధ్రప్రదేశమున 29.3. ఆనంది కథ రాజస్థానమునకంటె మనకే దగ్గఱ. తెఱమీది దుస్తులను చూచి ఆమె పొరుగువారి పిల్ల యని యెంచుట, మన పిల్లను మనము గుర్తింపకపోవుటయే.

రెండవది “కార్తీక దీపం”. మలయాళ ధారావాహిక యొకదానికి ఇది తెలుగు రూపము. 2017 అక్టోబరు 16వ తేదీన స్టార్ మాలో మొదలై, 2023 జనవరి 23వ తేదీన 1,569వ భాగముతో ముగిసినది. అందులో చాలకాలము తెలుగిండ్లలో దీనికున్నంత యాదరణ మఱియొకదానికి లేకుండెను. కథానాయిక దీపను జనులు “వంటలక్క” యని ఇంటిబిడ్డవలె పిలుచుకొనిరి. ఇందలి గుణములను ముందు చెప్పెదను. నల్లని స్త్రీని కథానాయికగా నిలుపుటయే తెలుగు తెఱమీద సాహసము. ఆమె భర్త యిచ్చు భరణముపై ఆధారపడక తన చేతి వంటతో బ్రతికినది. మొదట నలుపును అసహ్యించుకొనిన అత్త సౌందర్య, తరువాత కోడలి పక్షమున నిలిచి కొడుకునే మందలించినది. అత్తయనిన గయ్యాళి యని తప్ప ఎఱుగని ధారావాహికల నడుమ ఇది మెచ్చదగిన మార్పు. దీప పాత్రధారిణి ప్రేమీ విశ్వనాథ్ నటనయు నిండైనది.

ఇన్ని గుణములుండియు దీనిని నేను విడువదగినవానిలో చేర్చుటకు కారణములు మూడు. మొదటిది వర్ణమును గూర్చినది. నలుపు దోషము కాదని చెప్పదలచిన కథకు నల్లని నటి దొరకలేదు. తెల్లని నటి ముఖమునకు నలుపురంగు పూసిరి. నలుపు ఈ కథలో సహజమైన చర్మము కాదు. పాపమువలె మోయదగిన వేషము. కథ నడుమ ముఖమును తెల్లబఱచు లేపనముల ప్రకటనలు వచ్చును. కథ “నలుపైన నేమి?” అనును, ప్రకటన “ఇదిగో మందు” అనును. దేశమున మిక్కిలి ప్రసిద్ధమైన లేపనమొకటి 2020లో తన పేరునుండి తెల్లదనమను మాటను తీసివేసినది. మాట పోయినది గాని ఆశ పోలేదు. చూచు బాలిక ఈ రెండు మాటలలో దేనిని నమ్మును? మా అన్నగారి కుమార్తె ప్రశ్నయే సమాధానము.

రెండవది శీలపరీక్షను గూర్చినది. భర్త కార్తీక్ వైద్యుడు. తనకు సంతానయోగ్యత లేదని నమ్మి, భార్య గర్భమును అనుమానించును. ఒక వైద్యపరీక్షతో తేలిపోవు సందేహమును వైద్యుడే యేండ్ల తరబడి మోయుట హాస్యాస్పదమని ప్రేక్షకులే పలుమార్లు నవ్విరి. నవ్వదగినది పరీక్ష జరుగకపోవుట కాదు, చదువరులారా. ఆమె నిర్దోషియని పరీక్షించి తేల్చువఱకు కథ ఎదురుచూచుటయే అన్యాయము. “నీకు నాయందు విశ్వాసము లేనిచో నాకు నీతో పని లేదు” అని ఆమె తీర్పు చెప్పుటకు కథలో తావు లేదు. తీర్పు చెప్పు అధికారము కథయంతట భర్తకే యున్నది. ఆమె స్వశక్తితో సంపాదించిన అన్నము సయితము ఆయన క్షమాపణము కొఱకు కాచుకొన్న అన్నముగానే చూపబడినది. అగ్నిప్రవేశమును నింద్యమని వాదించు మనము, అయిదేండ్లపాటు ప్రతిరాత్రియు నడచిన అగ్నిప్రవేశమును అన్నము తినుచు చూచితిమి. భాగవంతికి పట్టిన గతియే దీపకును పట్టినది. ఆమె స్వాతంత్ర్యమును ఎవ్వరును అనుకరింపలేదు. ఆమె నిరీక్షణమునే పూజించిరి.

మూడవది కథ నడచు తీరును గూర్చినది. ఇది యీ ధారావాహికకే గాక దాదాపు అన్నిటికిని చెందును గనుక దీనిని కొంచెము వివరింపవలెను. కథలో ఒకరికి నిజము తెలియును. చెప్పుటకు నోరు తెఱచును. అంతలో టెలిఫోను మ్రోగును. లేక చెప్పువారు మూర్ఛపోవుదురు. లేక వినవలసినవారు వెడలిపోవుదురు. ప్రతివారి ముఖమును మూడుసార్లు చూపి ఉఱుము మ్రోయింతురు. మరునాడు నిన్నటి కథనే సగము చూపుదురు. రచయితలకు తెలివి లేక ఇట్లు వ్రాయుచున్నారనుకొనుట పొరపాటు. ప్రసారసంస్థకు ప్రేక్షకుడు నేరుగా ధనమీయడు. ప్రకటనలిచ్చు వర్తకు లిత్తురు. కేబుల్ ప్రసార నిబంధనలను బట్టి గంటకు 12 నిమిషముల వఱకు ప్రకటనలకు తావున్నది. ఏ కార్యక్రమమును ఎందఱు చూచిరో, కొన్ని వేల యిండ్లలో అమర్చిన యంత్రముల వలన లెక్కకట్టి వారము వారము ప్రకటింతురు. ఆ సంఖ్యను బట్టి ప్రకటనలకు వెల యేర్పడును. అందుచేత బాగుగా నడచుచున్న కథను ముగించుట, పాలిచ్చు ఆవును అమ్ముకొనుట వంటిది. నిజము చెప్పినచో అపార్థము తొలగును. అపార్థము తొలగినచో కథ ముగియును. కథ ముగిసినచో ఆదాయము ముగియును. కావున నిజము చెప్పరాదు. మన యింటి ఇల్లాలు మరునాటికై కార్చిన కన్నీటి బొట్టునకు అంగడిలో వెల కట్టబడియున్నది. ఈ మర్మము నెఱిగిన తరువాత ఆ ఉఱుములు వినినపుడు భయము గాక నవ్వు వచ్చును. ఆ నవ్వే యారోగ్యమునకు మొదటి చిహ్నము.

ముగియుట తెలిసిన కథలు తెలుగులో లేకపోలేదు. 2001 మొదలు 2007 వఱకు జెమినిలో వారమునకొకసారి వచ్చిన “అమృతం” అందుకు తార్కాణము. గుణ్ణం గంగరాజుగారి సృష్టి. అమృతరావు, ఆంజనేయులు అను ఇద్దఱు మిత్రులు ఒక హోటలు నడపుచు, సుళువుగా ధనవంతులు కావలెనని పన్నాగములు పన్ని, వారమువారము బోల్తాపడుట కథ. ఇంటియజమాని అప్పాజీ అద్దెకై వచ్చును. హోటలులో వడ్డించు సర్వము తన మాట తాను చెప్పును. ఇందు విషము పెట్టువారు లేరు, కుట్రపన్ను ఆడుబిడ్డలు లేరు. పురుషుల డాంబికము పరిహాసమునకు గురియగును. భార్యలు సంజీవిని, శాంత వారికంటె తెలివిగలవారు. భార్యను వెక్కిరించి నవ్వు పుట్టించుటయే హాస్యమని యెంచు నేటి హాస్యప్రదర్శనలవారు దీనిని చూచి నేర్వదగినది చాల కలదు. ఏ భాగము నా భాగమే ముగియును గనుక, చూచినవారు నవ్వి, లేచి, పనికి పోవుదురు. రేపటి కొఱకు ఏడ్చు పని లేదు. ఇల్లంతయు కలిసి చూడదగిన వినోదము.

ఇట్లే 1996లో ఈటీవీలో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు మొదలిడిన “పాడుతా తీయగా”. 2020 సెప్టెంబరు 25వ తేదీన ఆయన కీర్తిశేషులైరి గాని, ఆయన నిలిపిన మర్యాద మాసిపోలేదు. పాడిన బిడ్డ ఎక్కడ శ్రుతి తప్పినదో, ఏ యక్షరమును సరిగా పలుకలేదో చెప్పి, తాను పాడి చూపెడివారు. ఓడినవారిని ఏడిపించి ఆ యేడుపును పదేపదే చూపుట ఆయన పద్ధతి కాదు. ఆ పాట వ్రాసిన కవిని, స్వరపఱచిన విద్వాంసుని ముందు స్మరించుటచేత, చూచు పిల్లలకు పాటతోపాటు తెలుగు భాషయు అబ్బెను. ఉచ్చారణమునందు శ్రద్ధను ఇంత మధురముగా నేర్పిన బడి మఱియొకటి లేదు.

దీనికి ప్రక్కన, చిన్నపిల్లలచేత పెద్దల శృంగారగీతములకు నృత్యములు చేయించు పోటీలను పెట్టి చూడుడు. 2019 జూన్ నెలలో కేంద్ర సమాచార ప్రసార శాఖయే ఇట్టి ప్రదర్శనలను గూర్చి ప్రసారసంస్థలకు హెచ్చరిక పంపవలసి వచ్చినది. ఎనిమిదేండ్ల ఆనందికి పెండ్లిచేయుటను చూచి కంటతడి పెట్టిన మనము, ఎనిమిదేండ్ల బాలికచేత కొప్పుపెట్టించి, కులుకుచు ఆడించి, చప్పట్లు కొట్టుచున్నాము. బాల్యమును దొంగిలించుట ఒక్క పెండ్లిపీటల మీదనే జరుగునా? ఇవి నిస్సందేహముగా విడువదగినవి. ఇక మనుష్యులను ఒక యింట బంధించి వారి కలహములను చూపు “బిగ్ బాస్” 2017 నుండి తెలుగున కలదు. దానిని గూర్చి నేను చెప్పదలచినది స్వల్పము. పొరుగింటి జగడమును గోడమీదుగా చూచుట తప్పని మన పెద్దలు నేర్పిరి. గోడను అద్దముతో కట్టినంతమాత్రమున అది ఒప్పు కానేరదు.

ఇన్నిటిని విచారించిన పిమ్మట గృహస్థులకు ఉపయోగించునట్లు నాలుగు ప్రశ్నలను మనవి చేసికొందును. చూచుచున్న కథకు అంతము కలదా, లేక ఆదాయమున్నంత కాలము సాగునా? బాధపడువారు ఏదైన చేయుచున్నారా, లేక మఱియొకరి దయకై కాచియున్నారా? ఇందలి హాస్యము బలవంతులమీదనా, బలహీనులమీదనా? చూచిన తరువాత ఇంటిలోనివారు ఒకరితో నొకరు మాటలాడుదురా, లేక మూగవారై పండుకొందురా? ఈ నాలుగింటిలో కడపటిది ముఖ్యము. ఒక ధారావాహిక మా తల్లిగారి నోరు తెఱపించినది. మఱియొకటి ఒక పిల్ల ముందర ఆమె నోరు మూయించినది. రెండింటికిని గల భేదము ఇంతియే.

ఇంకొక మాట. చూడరానిదానిని ఇంటినుండి తొలగింపదలచువారు, దాని స్థానమున ఏమి యుంచుదురో ముందు చెప్పవలెను. ముసలితల్లి చేతినుండి మీట లాగికొని తమ గదికి పోయి తలుపు వేసికొను కుమారుడు సంస్కర్త కాడు. ఆ అరగంట ఆమె ప్రక్కన కూర్చుండుడు. ఆమెతోపాటు చూడుడు. చూచుచు ప్రశ్నింపుడు. పిల్లలను గూడ ప్రశ్నింపనిండు. కథను ప్రశ్నించుట నేర్చిన యింటికి చెడ్డకథవలన కీడు తక్కువ. ప్రశ్నింపని యింటికి మంచికథవలనను మేలు తక్కువ.

మా తల్లిగారు “కార్తీక దీపం” మానలేదు. 2023లో అది ముగియు వఱకు చూచిరి. కాని ఆ దసరా నాటి ప్రశ్న ఆమెను విడువలేదు. మరునాటి సాయంకాలము పిల్లను దగ్గఱకు పిలిచి కూర్చుండబెట్టుకొని, కథ నడచుచుండగా తెఱవైపు చేయి చాచి, “ఏమ్మా, నీ వంట నీకుంది, నీ పిల్ల నీకుంది. వాడి గుమ్మం దగ్గర నీకేం పని? ఇంటికి పో!” అని కేకవేసిరి. పిల్ల పకపక నవ్వినది. అది మొదలు ఆ సెలవులు ముగియు వఱకు నానమ్మయు మనుమరాలును ప్రతిరాత్రియు ఆ ధారావాహికతో వాదులాడుచునే యుండిరి. ఈ వ్యాసమునందు నేను చేసిన విమర్శకంటె ఆ విమర్శయే మేలైనదని యొప్పుకొనుటకు నాకు సిగ్గు లేదు.